ఏ మాసంలో పెళ్లి... ఏ తీరంలో హనీమూన్!

పసిఫిక్ తీరమంటే ఒక ఊరు కాదు, ఒక బీచ్ అంతకన్నా కాదు. నెలకో రంగు మార్చే పొడవాటి దారి అది. అమెరికాలో కాపురం పెట్టే కొత్త జంటలు అక్కడికి వెళ్లాలనుకుంటే ముందు చూడాల్సింది ఫొటోలు కాదు... క్యాలెండర్!

పెళ్లయింది. అప్పగింతలయ్యాయి. సత్యనారాయణ వ్రతమూ పూర్తయింది. అబ్బాయికి కంపెనీ ఇచ్చిన మూడు వారాల సెలవూ కరిగిపోయింది. వీసా చేతికి రాగానే అమ్మాయి కూడా విమానం ఎక్కుతుంది. ఇక మిగిలింది హనీమూన్!

ఒకప్పుడైతే ఊటీయా, కొడైకెనాలా అన్నదొక్కటే ప్రశ్న. అదీ చాలా ఇళ్లలో పెద్దవాళ్లే తేల్చేసేవారు. ఇప్పుడు శాన్‌హోసే, ఫ్రీమాంట్, లాస్ ఏంజెలిస్, సియాటెల్ చుట్టుపక్కల వేలాది తెలుగు కుటుంబాలు ఉన్నాయి. ఆ ఊళ్లలో అడుగుపెట్టే కొత్త పెళ్లికూతురికి కాస్త దూరంలోనే మహాసముద్రం. మెక్సికో సరిహద్దున ఉన్న శాన్ డియాగో నుంచి కెనడా సరిహద్దు దాకా మూడు రాష్ట్రాలు... కాలిఫోర్నియా, ఆరెగాన్, వాషింగ్టన్. ఒక్క కాలిఫోర్నియా తీరమే దాదాపు 1,350 కిలోమీటర్లు. మొత్తం ఆంధ్రప్రదేశ్ తీరం కన్నా పొడవు. మరి ఎక్కడికని వెళ్లాలి?

ఇంకాస్త కిందికి దిగితే మెక్సికోలో కాబో, ప్యూర్టో వల్లార్టా లాంటి వెచ్చని పసిఫిక్ బీచ్‌లూ ఉన్నాయి. చెల్లుబాటయ్యే అమెరికా వీసా ఉంటే భారతీయులు మెక్సికోకు వేరే వీసా తీసుకోనక్కర్లేదు. చిక్కల్లా తిరిగి రావడంలోనే. పాస్‌పోర్టులో స్టాంపు గడువు ముగిసి, కంపెనీ పొడిగింపు కాగితాలతో నెట్టుకొస్తున్నవారు చాలామంది. వాళ్లు ఇమిగ్రేషన్ లాయరును అడక్కుండా సరిహద్దు దాటకపోవడమే మేలు. హనీమూన్‌లో గుండె దడ ఎందుకని ఎక్కువ జంటలు అమెరికా తీరాన్నే ఎంచుకుంటున్నాయి.

వైజాగ్ బీచ్ అనుకోవద్దు!

'బీచ్' అనగానే మనకు గుర్తొచ్చేది రామకృష్ణా బీచ్, సూర్యలంక, మంగినపూడి. చెప్పులు చేత్తో పట్టుకుని మోకాళ్లలోతు నీళ్లలో గంటసేపు నిలబడినా హాయిగానే ఉంటుంది. విశాఖ దగ్గర సముద్రపు నీరు ఏడాదిలో ఎక్కువ కాలం 27, 28 డిగ్రీల వెచ్చదనంతో ఉంటుంది మరి. అదే ఊహతో కాలిఫోర్నియాలో మాంటెరే దగ్గర నీళ్లలో కాలు పెడితే... ఒక్క గెంతులో ఒడ్డున ఉంటారు! అక్కడి నీరు నడివేసవిలోనూ 15 డిగ్రీల దగ్గరే ఉంటుంది. దక్షిణాన శాన్ డియాగోలో ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో మాత్రం 20 డిగ్రీల దాకా వస్తుంది. ఈదాలన్న సరదా ఉంటే అంతకు మించిన చోటు ఈ తీరంలో లేదు.

ఈ చలికి కారణం ఉంది. ఉత్తరం నుంచి చల్లని ప్రవాహం ఒకటి తీరం వెంట కిందికి వస్తుంది. దానికి తోడు వాయవ్యం నుంచి వీచే గాలులు పైనున్న నీటిని ఒడ్డుకు దూరంగా నెట్టేస్తాయి. ఆ ఖాళీలోకి సముద్రం అడుగున ఉన్న చల్లటి నీరు పైకి ఉబికి వస్తుంది. అడుగునున్న పోషకాలూ దాంతోపాటే వస్తాయి. వాటి మీద నాచు, నాచును తిని చిన్న జీవులు, వాటిని తిని చేపలు, చేపల కోసం సీల్స్... ఇలా ఓ పెద్ద సంతర్పణే జరుగుతుంది. ఈదడానికి పనికిరాని ఆ చల్లదనమే ఈ తీరాన్ని తిమింగలాలకు, పక్షులకు పుట్టినిల్లు చేసింది. అందుకే పసిఫిక్ తీరం మునకలు వేయడానికి కాదు, కళ్లతో చూడటానికి. ఈ ఒక్క సంగతి బయల్దేరే ముందే తెలిస్తే సగం నిరాశ తప్పుతుంది.

మరో తేడా. మన తూర్పు తీరంలో సూర్యుడు సముద్రంలోంచి పైకొస్తాడు. ఇక్కడ సముద్రంలోకి దిగిపోతాడు. తెల్లవారుజామున అలారం పెట్టుకునే పనిలేదు. సాయంత్రం ఖాళీగా ఉంచుకుంటే చాలు. శాన్‌ఫ్రాన్సిస్కోలో జూన్‌లో రాత్రి ఎనిమిదిన్నర దాకా వెలుతురే. డిసెంబరులో మాత్రం అయిదు కాకముందే చీకటి పడిపోతుంది.

మాఘం, ఫాల్గుణం: తిమింగలాల పురిటి ప్రయాణం

మాఘ ఫాల్గుణాల్లో పెళ్లిచేసుకుని ఫిబ్రవరి, మార్చిలో అమెరికా చేరే జంటలకు ఈ తీరం ఓ అరుదైన దృశ్యాన్ని దాచి ఉంచుతుంది. అలాస్కా సముద్రాల్లో మేసే బూడిదరంగు తిమింగలాలు పిల్లల్ని కనడానికి మెక్సికోలోని బాహా తీరానికి వెళ్తాయి... అచ్చం పురిటికి పుట్టింటికి వెళ్లినట్టు. రానూ పోనూ 16 వేల కిలోమీటర్ల పైమాటే. డిసెంబరు, జనవరిల్లో దక్షిణానికి వెళ్తూ, ఫిబ్రవరి నుంచి మే దాకా పిల్లల్ని వెంటేసుకుని తిరిగొస్తూ కనిపిస్తాయి. మాంటెరే నుంచి పడవలున్నాయి. పడవ పడనివారు ఉత్తరాన మెండోసినో దగ్గర కొండ అంచుల మీద నిలబడినా, నీళ్లలోంచి ఎగజిమ్మే ఆవిరి ధారను పట్టుకోవచ్చు. ఓ జత బైనాక్యులర్స్ ఉంటే చాలు.

శాన్ సిమియన్ దగ్గర పీడ్రాస్ బ్లాంకాస్ ఒడ్డున ఏనుగు సీల్స్ గుంపులు గుంపులుగా పడి ఉంటాయి. మగవి రెండు టన్నులు దాటతాయి. డిసెంబరు నుంచి మార్చి దాకా అక్కడ నడిచేది ఒక రకమైన స్వయంవరమే... ఆడవాటి కోసం మగవాటి కుస్తీలు! చూడటానికి టిక్కెట్టు కూడా లేదు. పక్కనే కొండమీద హర్‌స్ట్ కోట. పత్రికల యజమాని విలియం రాండాల్ఫ్ హర్‌స్ట్ కోసం జూలియా మోర్గాన్ అనే మహిళా ఆర్కిటెక్టు 1919 నుంచి 1947 దాకా కట్టిస్తూ వచ్చిన భవనం అది.

ఈ నెలల్లో ఓ ఇబ్బందీ ఉంది. వర్షాకాలం ఇదే. కొండలన్నీ పచ్చబడే మాట నిజమే కానీ, ఆ కొండలే రోడ్డు మీదికి జారుతుంటాయి. కార్మెల్ నుంచి శాన్ సిమియన్ దాకా దాదాపు 145 కిలోమీటర్ల మేర సాగే బిగ్ సర్ దారికి ఇది పాత జబ్బు. 2017 మే నెలలో మడ్ క్రీక్ దగ్గర కొండ విరిగిపడితే మళ్లీ దారి తెరిచింది 2018 జులైలో. 2021 జనవరిలో రాట్ క్రీక్ దగ్గర రోడ్డే కొట్టుకుపోయింది. 2023, 2024ల్లో మరో రెండు చోట్ల కొండచరియలు పడి, ఆ చివర నుంచి ఈ చివరకు వెళ్లే వీల్లేకుండా పోయింది. అందుకే ఏ నెలలో వెళ్లినా సరే, గది బుక్ చేయకముందే కాలిఫోర్నియా రవాణాశాఖ 'కాల్‌ట్రాన్స్' సమాచారం చూసుకోవాలి. వానల నెలల్లో అయితే ఉత్తరం వైపు ఒక ఊరు, దక్షిణం వైపు ఒక ఊరు విడివిడిగా చూసొచ్చేలా ప్రణాళిక వేసుకుంటే దారి మూసినా ప్రయాణం ఆగదు.

వైశాఖం, జ్యేష్ఠం: మంచును తిట్టుకోకండి

ఎక్కువ పెళ్లిళ్లు వేసవిలోనే. 'మే, జూన్ కదా... ఎండ దంచేస్తుంది' అనుకుని పల్చటి బట్టలు సర్దుకుంటారు. తీరా లాస్ ఏంజెలిస్, శాన్ డియాగో బీచ్‌లకు వెళ్తే మధ్యాహ్నం దాకా సూర్యుడే ఉండడు. అక్కడివాళ్లు దీన్ని 'జూన్ గ్లూమ్' అంటారు. అంటే జూన్ దిగులు! శాన్‌ఫ్రాన్సిస్కోలో ఈ దిగులు ఆగస్టు దాకా సాగుతుంది. జులైలోనూ పగటి ఉష్ణోగ్రత 20 డిగ్రీల దగ్గరే తచ్చాడుతుంది. గోల్డెన్ గేట్ వంతెన ముందు ఫొటో దిగుదామని వెళ్తే, వంతెన స్తంభాలే కనిపించవు. చలికి వణుకుతూ అప్పటికప్పుడు స్వెట్టర్లు కొనుక్కునే టూరిస్టులు ఆ ఊళ్లో మామూలు దృశ్యం. ఆషాఢంలో కొత్త దంపతులు కలిసి ఉండకూడదని మన పెద్దలంటారు. శాన్‌ఫ్రాన్సిస్కో వాతావరణం కూడా అదే మాట అంటున్నట్టుంటుంది!

అలాగని ప్రయాణం మానుకోనక్కర్లేదు. మంచే అందమైన చోటికి వెళ్తే సరి. కాలిఫోర్నియా ఉత్తరపు కొసన రెడ్‌వుడ్ నేషనల్ పార్క్ ఉంది. ప్రపంచంలోకెల్లా ఎత్తయిన చెట్లు అక్కడివే. 'హైపీరియన్' అని పేరుపెట్టిన చెట్టు దాదాపు 116 మీటర్లు. కుతుబ్ మినార్ ఎత్తు 73 మీటర్లు. దాని మీద ఇంకో సగం మినార్ నిలబెట్టినా చాలదన్నమాట. జనం తొక్కిడికి వేళ్లు దెబ్బతింటున్నాయని ఆ ఒక్క చెట్టు దగ్గరికి వెళ్లడాన్ని 2022లో నిషేధించారు. అయితేనేం, దాని అన్నదమ్ములు వందలకొద్దీ ఉన్నాయి. వేసవిలో చుక్క వాన లేకపోయినా సముద్రం మీంచి వచ్చే పొగమంచు తడే వాటి దాహం తీరుస్తుంది. ఆ మంచులో, ఆ నిశ్శబ్దంలో ఇద్దరే నడుస్తుంటే మాటలు వాటంతటవే వస్తాయి. అంతదూరం వెళ్లలేనివాళ్లకు శాన్‌ఫ్రాన్సిస్కో పక్కనే మ్యూర్ వుడ్స్ ఉంది. కాకపోతే పార్కింగ్‌కు ముందే రిజర్వేషన్ తీసుకోవాలి.

ఆరెగాన్ కూడా ఈ నెలల్లో మంచి మాటే. పోర్ట్‌లాండ్ నుంచి గంటన్నర కారు ప్రయాణంలో కానన్ బీచ్. ఒడ్డునే 72 మీటర్ల ఎత్తున నిలబడ్డ హేస్టాక్ రాక్... పేరుకు తగ్గట్టే గడ్డివాములా ఉంటుంది. ఏప్రిల్ నుంచి జులై దాకా దాని మీద పఫిన్ పక్షులు గూళ్లు పెడతాయి. 1967 నాటి చట్టం పుణ్యమా అని ఆరెగాన్‌లో బీచ్‌లన్నీ ప్రజలవే. ఏ హోటలూ 'ఇది మా ఒడ్డు' అని తాడు కట్టడానికి లేదు. ఇంకో తీపి కబురు... ఆ రాష్ట్రంలో సేల్స్ టాక్స్ లేదు. కొత్త కాపురానికి గిన్నెలూ గరిటెలూ కొనుక్కునేవారికి ఇంతకన్నా ఏం కావాలి!

శ్రావణం: పట్టిందల్లా బంగారం

శ్రావణమాసపు పెళ్లిళ్లవారు అదృష్టవంతులు. వాళ్లు సర్దుకుని వచ్చేసరికి సెప్టెంబరు. మంచు తెర తొలగిపోతుంది. బడులు తెరిచేస్తారు కాబట్టి రద్దీ తగ్గుతుంది. సెప్టెంబరు మొదటి సోమవారం వచ్చే లేబర్ డే దాటాక గదుల అద్దెలూ కాస్త దిగుతాయి. ఈ తీరాన్ని ఎరిగినవాళ్లు సెప్టెంబరు, అక్టోబరులే అసలైన వేసవి అంటారు.

బిగ్ సర్‌ను చూడాల్సింది అప్పుడే. 1937లో తెరిచిన ఈ దారిని కట్టడానికి 18 ఏళ్లు పట్టింది. శాన్ క్వెంటిన్ జైలు ఖైదీలు కూడా రాళ్లు మోశారు. 1932 నాటి బిక్స్‌బీ వంతెన, ఇసుక మీదికి నేరుగా దూకే 24 మీటర్ల మెక్‌వే జలపాతం, ఊదారంగు చారల ఇసుక ఉన్న ఫైఫర్ బీచ్... అన్నీ ఈ దారిలోనే. దక్షిణానికి వెళ్తే శాంటా బార్బరా. 1925 భూకంపంలో కూలిపోయాక ఊరిని ఎర్ర పెంకులు, తెల్లటి గోడలతో స్పెయిన్ పద్ధతిలో తిరిగి కట్టుకున్నారు. నడుస్తూ చూసే ఊరది. ఇంకా కిందికొస్తే మలిబు. 2025 జనవరి మంటల్లో ఆ తీరం వెంట ఇళ్లెన్నో కాలిపోయాయి. మూసిన రోడ్డును మే నెలలో తెరిచారు. మలిబు తీరం నుంచి కొండ దారిలో లోపలికి వెళ్తే 1981లో కట్టిన వేంకటేశ్వరస్వామి గుడి ఉంది. 'ముందు స్వామి దర్శనం, తర్వాతే షికార్లు' అనే అత్తగారి మాటా చెల్లుతుంది, సముద్రమూ దక్కుతుంది!

ఒక్క జాగ్రత్త. ఎండిన అడవులు అంటుకునే కాలం కూడా ఇదే. పొగ కమ్మితే దారి మార్చుకునేలా, రద్దుచేస్తే డబ్బు తిరిగిచ్చే గదుల్నే తీసుకోవాలి.

కార్తీకం, మార్గశిరం: కిటికీలోంచి తుపాను

నవంబరు, డిసెంబరుల్లో ఉత్తరాన వాన, గాలి. దక్షిణాన ఎండ. ఎండ కావాలంటే శాన్ డియాగో. లా హోయాలో మెట్ల పక్కనే సీల్స్ నిద్రపోతుంటాయి. కరొనాడోలో 1888 నాటి చెక్క హోటల్ చూడొచ్చు. మాంటెరే పక్కనున్న పసిఫిక్ గ్రోవ్‌లో మోనార్క్ సీతాకోక చిలుకలు చలికాలం గడపడానికి చెట్లకు గుత్తులుగా వేలాడతాయి. వాటి సంఖ్య ఇప్పుడు బాగా తగ్గింది కాబట్టి చూసే భాగ్యాన్ని తేలిగ్గా తీసుకోలేం. వాన పడితే మాంటెరే బే అక్వేరియం ఉండనే ఉంది.

తుపానునే చూద్దామంటే ఆరెగాన్, వాషింగ్టన్. నురగలు కక్కే అలల్ని గదిలో వెచ్చగా కూర్చుని కిటికీలోంచి చూడటం అక్కడ ఓ వేడుక. సియాటెల్ జంటలకు దగ్గర్లోనే ఒలింపిక్ నేషనల్ పార్క్. అందులోని హో అడవిలో ఏడాదికి 3.5 మీటర్ల దాకా వాన కురుస్తుంది. హైదరాబాద్ వానకు నాలుగింతలకు పైనే. కొమ్మ కొమ్మకూ పచ్చటి నాచు చీర కట్టినట్టు ఉంటుంది.

ఇక్కడో మెలిక... వీసా ఆలస్యమైతే మాఘంలో పెళ్లయిన అమ్మాయి ఆగస్టులో రావచ్చు. అప్పుడు శుభలేఖలోని ముహూర్తం కాదు, విమానం దిగిన నెలే లెక్క!

రోజులెన్ని? డ్రైవర్లెందరు?

హైవే 1 మొత్తం పొడవు దాదాపు 1,055 కిలోమీటర్లు. 'మొత్తం చుట్టేద్దాం' అని ఉత్సాహపడేది అబ్బాయి. అలసిపోయేదీ అబ్బాయే! కొత్తగా వచ్చిన అమ్మాయికి అక్కడి డ్రైవింగ్ లైసెన్సు ఉండదు. మెలికల దారిలో స్టీరింగ్ పట్టుకున్నవాడికి కనిపించేది రోడ్డే కానీ సముద్రం కాదు. శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి లాస్ ఏంజెలిస్‌కు లోపలి ఫ్రీవే మీద ఆరు గంటలు. అదే తీరం వెంట అయితే ఆగకుండా నడిపినా పది గంటలు. కాబట్టి రోజుకు మూడు గంటలకు మించి కారు నడపకూడదని ముందే ఒప్పందం చేసుకోవాలి. మూడు రోజులుంటే ఒకే ఊళ్లో మకాం. అయిదు రోజులుంటే రెండు ఊళ్లు. వారం ఉంటేనే పొడవాటి దారి.

వీలైతే ఉత్తరం నుంచి దక్షిణానికి రావాలి. అమెరికాలో బండ్లు కుడివైపు నడుస్తాయి కాబట్టి అప్పుడు సముద్రం మీ పక్కనే ఉంటుంది. ఆగి చూసే చోట్లకు రోడ్డు దాటకుండానే మళ్లొచ్చు.

బిగ్ సర్‌లో గదులు తక్కువ, అద్దెలు ఎక్కువ. మాంటెరే, కేంబ్రియా, శాన్ లూయిస్ ఒబిస్పో లాంటి ఊళ్లలో బసచేసి పగలు చూసిరావడం నయం. 'మోటెల్' అన్న పేరుతో మొదటి బస వెలసింది కూడా శాన్ లూయిస్ ఒబిస్పోలోనే, 1925లో! శుక్ర, శనివారాలు వదిలి వారం మధ్యలో వెళ్తే ఖర్చు తగ్గుతుంది. కొండల మధ్య సెల్ సిగ్నల్ ఉండదు. మ్యాపులు ముందే దింపుకోవాలి. పెట్రోలు ట్యాంకు నింపుకోవాలి. శాకాహారులైతే పులిహోర, కారప్పొడి డబ్బా మర్చిపోకూడదు. ఆ తీరపు ఊళ్లలో పేరుమోసిన 'చౌడర్' సూప్‌లో ఉండేవి ఆల్చిప్పల జీవులు మరి!

ఇంకొకటి. ఇండియాకూ కాలిఫోర్నియాకూ పన్నెండున్నర, పదమూడున్నర గంటల తేడా. దిగిన మర్నాడే బయల్దేరదీస్తే అమ్మాయి తీరమంతా నిద్రలోనే దాటేస్తుంది. కనీసం వారం ఆగండి.

సముద్రానికి వీపు చూపొద్దు

ఈ తీరంలో ఏటా ప్రాణాలు పోతున్నాయి. అందరూ ఈతకు దిగినవారు కూడా కాదు. ఒడ్డున నిలబడి ఫొటోలు తీసుకుంటున్నవారూ ఉంటారు. పావుగంట సేపు బుద్ధిగా వచ్చిపోయే అలల మధ్య, చెప్పాపెట్టకుండా ఓ పెద్ద అల పొడి ఇసుక దాకా దూసుకొస్తుంది. 'స్నీకర్ వేవ్' అంటారు. అంటే దొంగ అల. చల్లటి నీరు కావడంతో పడినవారికి ఊపిరి అందదు. ఈత వచ్చినా కాళ్లూ చేతులూ నిమిషాల్లో మొద్దుబారిపోతాయి. కాపాడదామని దూకినవారూ వెళ్లిపోతారు. అందుకే అక్కడ పిల్లలకు కూడా నేర్పే మాట ఒక్కటే... సముద్రానికి వీపు చూపొద్దు. తడిసిన రాళ్లెక్కొద్దు. ఒడ్డున పడివున్న పెద్ద దుంగల మీద కూర్చోవద్దు. అలకు అవి దొర్లితే మనిషి నలిగిపోతాడు. కొండ అంచున కంచె దాటి సెల్ఫీలొద్దు.

తీరపు ఊళ్లలో సునామీ దారి చూపే బోర్డులుంటాయి. 1964లో అలాస్కా భూకంపం తర్వాత వచ్చిన అలలు క్రెసెంట్ సిటీలో 11 మందిని బలిగొన్నాయి. గది తీసుకున్నాక ఎత్తయిన చోటికి దారేదో ఒకసారి చూసుకోవడానికి రెండు నిమిషాలు చాలు.

ఎవరి మాట నెగ్గాలి?

పెద్దలు కుదిర్చిన పెళ్లిలో ఇద్దరూ కలిసి తీసుకునే తొలి నిర్ణయం చాలాసార్లు ఇదే. పెళ్లి తేదీ పెద్దలది. మండపం పెద్దలది. మెనూ కూడా పెద్దలదే. హనీమూన్ ఒక్కటే మీ ఇద్దరిది. అక్కడా అబ్బాయి 'నాకు అన్నీ తెలుసు' అంటూ అన్నీ బుక్ చేసేసి, అమ్మాయి 'మీ ఇష్టమండీ' అనేస్తే... ఆ అలవాటే ఇల్లు కొనేటప్పుడూ, పిల్లల చదువుల దగ్గరా కొనసాగుతుంది. కొత్త దేశంలో, సొంత సంపాదన ఇంకా లేని అమ్మాయికి తన ఇష్టం చెప్పడం కష్టం. అడగాల్సింది అబ్బాయే.

చిన్న చిట్కా ఉంది. చెరో కాగితం తీసుకోండి. చూడాలనుకున్నవి మూడు, అస్సలు వద్దనుకున్నవి మూడు, ఖర్చు ఎంతదాకా అన్నది... ఒకరిది ఒకరు చూడకుండా రాయండి. తర్వాత కలిపి చదవండి. ఆయన 'ట్రెకింగ్' అని రాసినచోట ఆమె 'ఎక్కువ నడక వద్దు' అని రాసి ఉండొచ్చు. ఆమె 'జనం ఉండాలి' అంటే ఆయన 'ఎవరూ ఉండకూడదు' అని ఉండొచ్చు. గొడవ పడక్కర్లేదు. పగలు అక్వేరియం, సాయంత్రం ఖాళీ ఒడ్డు. రెండూ ఉన్న ఊళ్లు ఈ తీరంలో బోలెడు. ఖర్చు దగ్గర అంకెలు కలవకపోతే మాత్రం చిన్న అంకెనే ఖాయం చేసుకోండి. క్రెడిట్ కార్డు అప్పుతో మొదలయ్యే కాపురానికి ఏ సూర్యాస్తమయమూ సరిపోదు.

ఊరు ఖాయమయ్యాక ఇంటికి ఫోన్ చేసి చెప్పండి. 'అంత చలిలో సముద్రానికా!' అని అమ్మ కంగారుపడుతుంది. 'స్వెట్టర్లు పెట్టుకున్నారా?' అని అత్తగారు అడుగుతారు. పెట్టుకోండి. ఇద్దరికీ చెరొకటి... ఏ మాసంలో వెళ్లినా సరే!